రెక్కలు కత్తిరించాలా వద్దా? కత్తెర తీసేముందు ఇల్లంతా ఒకసారి చూడండి

చిలకకో, చిలక జాతికే చెందిన బడ్జీ, కాకటీల్ లాంటి చిన్న పక్షులకో రెక్కలు కత్తిరించడమంటే రెక్కను కోయడం కాదు. చివరి వరసలో ఉండే పొడవాటి ఈకల్ని పొట్టి చేయడం, అంతే. ముదిరిన ఈక మన గోరులాంటిది, కత్తిరిస్తే నొప్పి పుట్టదు. తర్వాత ఈకలు రాల్చుకునే కాలం వచ్చినప్పుడు ఆ మోడు ఊడిపోయి కొత్త ఈక మొలుస్తుంది. ఇంతవరకూ విని "అయితే పోయిందేముంది, కత్తిరించేద్దాం" అనుకునేవాళ్లు చాలామంది.

కానీ పక్షికి రెక్కలు ఎగరడానికే కాదు, ఆగడానికి కూడా. కిందికి దిగేటప్పుడు వేగం తగ్గించేది ఆ ఈకలే. అవి పోయాయన్న సంగతి పక్షికి తెలియదు. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి, అలవాటు ప్రకారం కొమ్మ మీంచి దూకుతుంది. గాలి పట్టదు. నేరుగా వచ్చి రొమ్ము ఎముక మీద పడుతుంది. అక్కడ కండ పల్చన, చర్మం ఎముకను అంటుకుని ఉంటుంది కాబట్టి చిట్లుతుంది. మానేలోపే ఇంకోసారి పడితే మళ్లీ అక్కడే చిట్లుతుంది. ఆఫ్రికన్ గ్రే అనే బూడిదరంగు చిలక లాంటి బరువైన పక్షుల్లో ఈ దెబ్బ మరీ ఎక్కువ. నాలుగుసార్లు పడ్డాక కొన్ని పక్షులు భయంతో కదలడమే మానేస్తాయి. కదలకుండా గింజలు తింటూ కూర్చుంటే ఒళ్లు కొవ్వెక్కుతుంది.

అందుకే ముందుగా అడగాల్సింది, ఎందుకు కత్తిరించాలనుకుంటున్నాం అని.

పారిపోతుందని అయితే, కత్తిరించినా పూర్తి భద్రత లేదు. ఇంట్లో మంచం ఎత్తు కూడా ఎక్కలేని కాకటీల్, బయట ఎదురుగాలి తగిలితే చెట్టెక్కేస్తుంది. తేలికైన పక్షులతో వచ్చిన చిక్కే ఇది. పైగా అలా వెళ్లింది సరిగ్గా మలుపు తిరగలేదు, వెనక్కి రాలేదు, పిల్లి వస్తే తప్పించుకోలేదు. కిటికీలకు మెష్, బయటి తలుపు ముందు ఒక తెర లేదా రెండో తలుపు, ఇవే అసలైన రక్షణ.

కరుస్తోందని అయితే, కత్తెర పరిస్థితిని చెడగొడుతుంది. ఇష్టం లేనప్పుడు దూరంగా ఎగిరిపోవడం పక్షి చెప్పే మర్యాదైన "వద్దు". ఆ దారి మూసేస్తే దానికి మిగిలేది ముక్కే. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, కొర్ర కంకి చూపించి చేతి మీదికి పిలవడం నేర్పండి. మొదట ఒక అడుగు దూరం నుంచి, తర్వాత గది అవతలి నుంచి. పిలిస్తే వచ్చే పక్షికి కత్తిరింపు అవసరం దాదాపు ఉండదు.

ఫ్యాను, అద్దాలు, వంటగది భయమైతే సరిచేయాల్సింది ఇంటినే. పక్షి పంజరం బయట ఉన్నంతసేపూ ఫ్యాను స్విచ్ మీద టేపు అంటించండి. కిటికీ అద్దాలకు కర్టెన్ వేయండి. బకెట్లకు మూతలు పెట్టండి, బాత్రూం తలుపు మూయండి. పొయ్యి వెలుగుతుంటే పక్షి పంజరంలోనే ఉండాలి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షి ప్రాణం తీస్తుంది, దానికి ఈకలున్నా లేకపోయినా ఒకటే.

ఇదంతా చేసినా కుదరని ఇళ్లుంటాయి. చిన్నపిల్లలు తలుపులు తీసేస్తుంటారు, లేదా కొన్నాళ్లు ఇంట్లో మరమ్మతులు సాగుతుంటాయి. అలాంటప్పుడు తాత్కాలికంగా, కొద్దిగా కత్తిరించడం తప్పు కాదని నా అభిప్రాయం. ఒక్క షరతు: పక్షి అప్పటికే బాగా ఎగరడం వచ్చినదై ఉండాలి. బడ్జీ పిల్ల సుమారు 5 వారాలకు గూడు దాటుతుంది. లేవడం, మలుపు తిరగడం, దిగడం ఆ తర్వాతి వారాల్లోనే నేర్చుకుంటుంది, రొమ్ము కండ బలపడేదీ అప్పుడే. ఆ వయసులో కత్తెర పెడితే తర్వాత ఈకలొచ్చినా అది తడబడుతూనే ఉంటుంది.

మొదటిసారి పక్షుల డాక్టరు చేతే చేయించండి, పక్కన నిలబడి చూడండి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కత్తిరించాలి. పల్చని టవల్‌లో చుట్టి, దవడ రెండు పక్కలా వేళ్లతో తలను ఆపాలి. ఛాతీని మాత్రం నొక్కకూడదు. పక్షికి మనలా ఊపిరితిత్తుల కింద ఉదరవితానం అనే కండర పొర లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే నోరు మూయకుండానే ఊపిరాడక చచ్చిపోతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వదిలేయండి, రేపు చూసుకోవచ్చు.

రెక్క విప్పితే చివరి నుంచి పది పొడవాటి ఈకలు కనిపిస్తాయి. కత్తెర తగలాల్సింది వీటికే. ఒంటి వైపు ఉండే తర్వాతి వరసను ముట్టకండి. బరువైన పక్షికి చివరి నుంచి మూడు, తేలికైనదానికి ఐదు, ఇక్కడితో మొదలుపెట్టండి. ఒక్కో ఈకనూ విడిగా, పైన కప్పినట్టుండే చిన్న ఈకల అంచు దగ్గర కత్తిరించాలి. ఇంకా మొదలు వైపు పోతే మొండి కాడ పక్కటెముకల మీద గుచ్చుకుంటూ ఉంటుంది, ఆ దురదకు పక్షి తన ఈకలు తానే పీక్కునే ప్రమాదం ఉంది. రెండు రెక్కలూ సమానంగా కత్తిరించాలి. ఒక్క రెక్కే కత్తిరిస్తే తిరుగుతూ పడి కాలో ముక్కో విరుగుతుంది. అందం కోసం చివరి రెండు ఈకల్ని వదిలేసే పద్ధతి ఒకటుంది, అది నాకు నచ్చదు. తోడు లేని ఆ రెండూ ఎక్కడో తగులుకుని విరుగుతాయి.

కత్తెర పెట్టేముందు రెక్కను వెలుతురుకు ఎత్తి కింది వైపు నుంచి చూడండి. ముదిరిన ఈక కాడ పొడిగా, ఖాళీగా ఉంటుంది. కొత్తగా మొలుస్తున్న ఈక కాడ మొదలు దగ్గర నీలి నలుపుగా, మైనపు తొడుగుతో కనిపిస్తే అందులో రక్తం నడుస్తోందన్నమాట. దాన్ని కత్తిరించకండి, దాని పక్కనున్న ముదురు ఈకను కూడా దానికి ఆసరాగా వదలండి. పొరపాటున తెగితే కార్న్‌ఫ్లోర్ అద్ది, వేలితో కొన్ని నిమిషాలు కదలకుండా నొక్కి పట్టండి. ఆగకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఆ కాడను మీరే పీకే ప్రయత్నం వద్దు, మొలిచే గుంతే పాడవుతుంది.

కత్తిరించాక మంచం మీద, మోకాలెత్తు నుంచి వదిలి చూడండి. ఏటవాలుగా జారుతూ దిగితే సరిపోయింది. రాయిలా పడితే ఎక్కువ పోయినట్టు. అప్పుడు రాలిన ఈకను మోడుకు అతికించే ఇంపింగ్ అనే పద్ధతి ఉంది కానీ అది చేయి తిరిగిన డాక్టరు పని. ఎక్కువ ఎగురుతోందనిపిస్తే మాత్రం అటొకటి ఇటొకటి తీసేయడం రెండు నిమిషాల పని.

తర్వాత పంజరంలో కొమ్మల్ని కిందికి దించండి, కింద మందపాటి గుడ్డ పరవండి, నేల నుంచి ఎక్కడానికి చిన్న నిచ్చెన పెట్టండి. నేల మీద తిరిగే పక్షి కాలి కింద పడుతుంది, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. రెండు వారాలకోసారి రెక్క విప్పి చూడండి. తేలికైన పక్షికి పక్కకు ఒకటి రెండు ఈకలొస్తే చాలు, లేచిపోతుంది. కత్తిరించాం కదా అని భుజం మీద పెట్టుకుని గుమ్మం దాటకండి, బయటికి పంజరంలోనే తీసుకెళ్లండి.