మెదడు డేటా చట్టంలో సందు ఉండేది నిర్వచనంలోనే

తలకు పెట్టుకునే ఈఈజీ బ్యాండ్ కొలిచేది మెదడు పనిచేస్తుంటే నెత్తి మీద కనబడే పదుల మైక్రోవోల్టుల విద్యుత్తుని, సెకనుకి 128 లేదా 256 సార్లు. మామూలు కంటికి అవి వంకర గీతలే. తెలిసిన ముఖం కనబడితే సుమారు 300 మిల్లీసెకన్ల దగ్గర లేచే పీ300 అనే మెదడు అలను ఆ గోలలోంచి ఏరి పట్టుకునేది మెషీన్ లెర్నింగ్ మోడల్. అందుకే ఏఐకి ఒక చట్టం, న్యూరోటెక్నాలజీకి (మెదడును, నాడులను కొలిచే పరికరాలకు) ఇంకోటి అని విడదీస్తే, అసలు ప్రమాదం ఆ రెంటి మధ్యలోంచి జారిపోతుంది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2024లో నాడీ డేటాను (మెదడును, నాడులను కొలిస్తే వచ్చే సమాచారాన్ని) సున్నితమైన డేటాలో చేర్చింది. కానీ మనిషిని గుర్తుపట్టడానికి వాడితేనే లెక్క అనే షరతు పెట్టింది. ఎవరో ముందే తెలిసిన యూజర్ మనసును చదవాలనుకునే కంపెనీకి గుర్తింపుతో పనేముంది? అదే ఏడాది కాలిఫోర్నియా ఆ షరతు పెట్టలేదు గానీ, నాడులను కొలవకుండా వేరే సమాచారం నుంచి ఊహించినదాన్ని నాడీ డేటా నిర్వచనంలోంచి తీసేసింది. కంటి కదలికల నుంచి అదే సంగతి రాబడితే ఈ నిర్వచనం దాన్ని పట్టుకోదు.

యూరప్ ఏఐ చట్టం ఆఫీసుల్లో, బడుల్లో భావోద్వేగాలను పసిగట్టే సిస్టమ్‌లను 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది (వైద్యం, భద్రత అవసరాలకు మినహాయింపు ఉంది). జరిమానా 3.5 కోట్ల యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. అయితే ఆ చట్టం లెక్కలో అలసట, నొప్పి భావోద్వేగాలు కావు. డ్రైవర్ అలసటను కొలిచే బ్యాండ్ ఈ నిషేధం కిందికి రాదు. అదే సిగ్నల్ నుంచి రేపు చిరాకును కూడా లెక్కకట్టడానికి మోడల్ మారిస్తే చాలు, బ్యాండ్ మార్చక్కర్లేదు.

చిలీ 2021లో రాజ్యాంగంలోనే మెదడు కార్యకలాపానికీ, దాన్నుంచి వచ్చే సమాచారానికీ రక్షణ రాసుకుంది. 2023 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు, మాజీ సెనేటర్ గిడో హిరార్ది మెదడు డేటాను తుడిచేయమని ఈఈజీ బ్యాండ్లు అమ్మే ఎమోటివ్ కంపెనీని ఆదేశించింది. పేరు తీసేశాం, పరిశోధనకే వాడుతున్నాం అంటే సరిపోదు, ముందే స్పష్టమైన సమ్మతి కావాలంది. నాకు అన్నిటికంటే విలువైన మాట ఇదే.

కాబట్టి మెదడు డేటా చట్టానికి ముసాయిదా రాసేవాళ్లు సమ్మతిని మూడుగా విడగొట్టాలి: ముడి సిగ్నల్‌కి ఒకటి, దాన్నుంచి తీసే ఊహకి ఒకటి, మోడల్ ట్రైనింగ్‌కి ఒకటి. తుడిచేయడం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సర్వర్‌లో ఫైలు పోయినా, దానితో ట్రైన్ అయిన మోడల్ వెయిట్లు (మోడల్ నేర్చుకున్నదాన్ని దాచుకునే అంకెలు) అలాగే ఉంటాయి. ఏ డేటా ఏ వెర్షన్‌లోకి వెళ్లిందో రిజిస్టర్ రాయాలని చట్టమే చెప్పకపోతే, ఏ వెర్షన్ పక్కన పెట్టాలో, ఏది మళ్లీ ట్రైన్ చేయాలో కోర్టు అడిగినా చెప్పగలిగేవాళ్లు ఉండరు.