బ్యాటరీ షెడ్డు స్థలంలో కూరగాయల మడులు: కడప, ఎనిమిదో నెల

జనవరి: మా వీధి చివర ఐదు సెంట్ల ఖాళీ జాగా. ఇరవై ఏళ్లపాటు అక్కడ పాత బ్యాటరీలు విప్పే షెడ్డు నడిచింది. స్థలం గలాయన కూరగాయలు పెట్టుకోమన్నాడు గానీ, నా భయమంతా సీసం గురించే. ముందు భూసార పరీక్ష చేయించాం. సాయిల్ హెల్త్ కార్డులో నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక (పీహెచ్, అంటే మట్టి పులుపు కొలత) లాంటివి 12 అంశాలుంటాయి, సీసం ఉండదు. కార్డు బాగుంది కదా అని ఇలాంటి చోట విత్తనం వేయొద్దు. సీసం లాంటి భార లోహాల పరీక్ష ప్రైవేటు ల్యాబులో విడిగా అడిగి చేయించుకోవాలి.

ఫిబ్రవరి: జాగాను మూడు భాగాలు చేసి, ఒక్కో దాంట్లో ఎనిమిది చోట్ల ఆరంగుళాల లోతు వరకు ప్లాస్టిక్ గరిటెతో మట్టి తీశాం. ఏ భాగానికి ఆ భాగం కలిపి అరకిలో చొప్పున పంపాం. కిలో మట్టికి సీసం వీధి వైపు 130 మిల్లీగ్రాములు, నడిమధ్య 310, బ్యాటరీలు పేర్చిన మూల 900 దాటింది. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టికి 400గా ఉన్న హద్దును 2024లో 200కు దించింది. మేమూ ఆ 200నే పట్టుకున్నాం. యాసిడ్ పారబోసిన ఆ మూలలో ఉదజని సూచిక 5.1. మట్టి పులిసేకొద్దీ సీసం నీళ్లలో కరిగి కదులుతుంది.

పొద్దుతిరుగుడు వేస్తే సీసం లాగేస్తుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. మొక్కలు సీసాన్ని చాలా తక్కువగా తీసుకుంటాయి, అట్లా శుభ్రం కావాలంటే మన జీవితకాలం చాలదు. మట్టి తవ్వి తీసేద్దామంటే ట్రాక్టరతను "అన్నా, బుగ్గవంక గట్టున పోసొస్తా, ఎవురడగతారు?" అన్నాడు. వద్దన్నాను. మన విషం ఇంకొకరి పిల్లలు ఆడుకునే చోటికి పోకూడదు.

మార్చి–మే: మట్టిని కదిలించకుండా దానిపైన మడులు కట్టాం. పాలిష్ ఫ్యాక్టరీలో మిగిలిన కడప బండ ముక్కలు, అడుగున్నర ఎత్తువి. ఆరంగుళాలు భూమిలోకి, అడుగు పైకి. కాలువ తవ్వేముందు నీళ్లు చల్లి తడిపాం. పొడి మట్టిని పారతో కదిపితే లేచే ఎర్రటి దుమ్మే అసలు ప్రమాదం, కాయల్లోకి ఎక్కే సీసం దాని ముందు తక్కువ. తవ్విన మట్టి గంపెడు కూడా బయటికి పోనీకుండా మడి అడుగునే పరిచి, పైన కలుపు రాకుండా పరిచే నల్లటి పట్టా (వీడ్ మ్యాట్) వేశాం. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడికి 40 ఘనపుటడుగుల మట్టి పట్టింది. అలాంటివి ఆరు మడులు. పొలం నుంచి తెచ్చిన ఎర్రమట్టిని కూడా ల్యాబుకు పంపాకే దించుకున్నాం. మూడు వంతుల మట్టికి ఒక వంతు దిబ్బెరువు.

యాసిడ్ మూలలో సున్నం చల్లి, బండలు పరిచి సిమెంటు పూశాం. అక్కడ ఇంకేమీ పండించం, కూర్చోవడానికే.

జూన్–ఆగస్టు: తొలకరి పడ్డాక వంగ, టమాట, మిరప, మటిక్కాయ (గోరుచిక్కుడు) నాటాం. పైన చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు కప్పాం. తేమ నిలిచింది, కానీ ఒక మడికి చెదలు పట్టాయి. పక్కింటవ్వ చెనిక్కాయలు వేయమంటే ఆపాను. భూమిలో ఊరేవి, ఆకుకూరలు ఈ ఏడాది వద్దు, వాటికే మట్టి ఎక్కువ అంటుకుంటుంది. గేటు దగ్గర కుళాయి పెట్టాం. కాళ్లూ చేతులూ కడగనిదే పిల్లలను ఇంటికి పంపడం లేదు.

నిన్న మొదటి కోత, నాలుగు కిలోల వంకాయలు. మడుల మట్టి మళ్లీ ల్యాబుకు పోయింది. ఆ రిపోర్టు వచ్చాక పాలకూర సంగతి.