రెండు రూపాయల వడ్డీ

అటక సర్దుతుంటే పాత చీటీ పుస్తకం దొరికింది. నూనె మరకలు, పక్కవీధి పిన్నిగారు ఒడియా అంకెల్లో రాసిన లెక్కలు. తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబర్‌లో పర్లాకిమిడిలో మా ఇంటి రేకులు ఎగిరిపోయాక ఆ చీటీ పాడింది నేనే.

20 మంది, నెలకు 5,000, లక్ష చీటీ. మూడో నెలలోనే 75,000కి పాడేశాను. పాటలో తగ్గిన సొమ్ములో నా వాటా పోను అప్పటికి నేను కట్టింది 13,000. అంటే చేతికొచ్చిన అప్పు నిజానికి 62,000. మిగతా 17 నెలలు సగటున 4,500 చొప్పున కట్టాను, మొత్తం 76,500. ఇన్నాళ్లకి కాలిక్యులేటర్‌లో కొడితే నెలకు నూటికి దాదాపు రెండు రూపాయల నలభై పైసలు తేలింది!

అప్పట్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్న వ్యాపారిని "దోపిడీ" అని తిట్టి వచ్చినవాణ్ణి నేను. చీటీలో వడ్డీ అన్న మాటే వినపడదు కదా, అదే మాయ. గాజులు బ్యాంకులో పెట్టుంటే ఇందులో సగం కూడా అయ్యేది కాదు.

అదే చీటీలో మా వదిన ఆఖరిదాకా ఆగింది. కట్టింది 89,500, పిన్నిగారి 5,000 కమిషన్ పోను వచ్చింది 95,000. ఏడాదికి సుమారు 8 శాతం, ఎఫ్‌డీ లాంటిదే. కాకపోతే బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంటుంది, పిన్నిగారి పుస్తకానికి ఏముంటుంది?

లెక్క చూపిస్తే వదిన నవ్వింది. "అయితే నా మిక్సీ నువ్వు కొన్నదేనన్నమాట, మరిదీ!"