అమెరికాలో ఎమ్మెస్: డార్మా, అపార్ట్‌మెంటా?

నెల అద్దె ఒక్కటే చూసి తేల్చేయకండి. డార్మ్ (యూనివర్సిటీ హాస్టల్) కాంట్రాక్టు ఎక్కువగా విద్యా సంవత్సరానికే, అంటే దాదాపు 9 నెలలకు. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, మంచం, బల్ల సాధారణంగా అందులోనే వచ్చేస్తాయి. బయటి అపార్ట్‌మెంట్ లీజు మామూలుగా 12 నెలలు. వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరెళ్లినా అద్దె ఆగదు. పోల్చాల్సింది ఏడాది మొత్తాన్ని. కొన్ని డార్ముల్లో మీల్ ప్లాన్ (క్యాంటీన్ భోజనానికి ముందే డబ్బు కట్టడం) తప్పనిసరి. పప్పన్నం లేనిదే ముద్ద దిగనివాళ్లకు అది దండగే.

నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే అసలు చిక్కు లీజు రకంలో ఉంటుంది. అందరూ కలిసి ఒకే ఒప్పందంపై సంతకం చేసే జాయింట్ లీజులో ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తినే పడుతుంది. మనిషికో లీజు ఇచ్చేచోట ఈ తలనొప్పి తక్కువ. సబ్‌లీజుకు (మీ వాటాను మరొకరికి అద్దెకివ్వడానికి) ఒప్పుకుంటారో లేదో సంతకానికి ముందే చదవండి. క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు కట్టిన రికార్డు) లేని కొత్తవాళ్లను చాలాచోట్ల గ్యారంటర్‌నో, అదనపు డిపాజిట్‌నో అడుగుతారు.

ఇల్లు చూడకుండా, లీజు కాగితం లేకుండా జెల్ (Zelle, మన యూపీఐ లాంటి చెల్లింపు సేవ) ద్వారా డబ్బు పంపారా, వెనక్కి రావడం కష్టం. చేరిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ వీడియో తీసుకోండి. డిపాజిట్‌లో కోతలు పెట్టినప్పుడు అదే సాక్ష్యం. ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లు ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త చిరునామా యూనివర్సిటీకి తెలపాలి.