మడమకి ఓ జత చెప్పులు

మంగళవారం. మెలకువ వచ్చినా, మడమ నొప్పి వల్ల వెంటనే కాళ్లు కింద పెట్టలేదు. మంచం మీదే కూర్చుని ఎడమ కాలిని కుడి మోకాలి మీద వేసుకున్నాను. వేళ్లను చేత్తో పట్టుకుని నా వైపు లాగితే అరికాల్లో ఒక పట్టీ బిగుసుకుని రెండో చేతి బొటనవేలికి తగులుతుంది. పది లెక్కపెట్టి వదలాలి, మళ్లీ లాగాలి, అలా పదిసార్లు. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఉండే ఆ పట్టీ రాత్రంతా కదలిక లేక బిగుసుకుపోతుందట. లేవగానే ఒంటి బరువంతా దాని మీద పడేసరికి మడమలో మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది కాబట్టి చాలామంది నెలల తరబడి పట్టించుకోరు.

బీచ్ రోడ్డులో అరగంటే నడిచాను. నడక మానక్కర్లేదు, తగ్గించండి చాలు అన్నారు డాక్టరు గారు. ఇసుకలోకి మాత్రం దిగడం లేదు. మడమ కిందికి కుంగిపోయి పిక్క, అరికాలు రెండూ లాగేస్తాయి. తోటి వాకర్ ఒకావిడ ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారని ఒకటే టెన్షన్ పడుతోంది. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అది కనిపిస్తుందని, దాన్ని తీయించుకోవాల్సిన పని సాధారణంగా రాదని చెప్పాను. ఈ మడమ నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే ఏడాదిలోపు తగ్గిపోతుంది. ఓపికే కావాలి.

నొప్పి అనగానే అందరూ నడకనే తిడతారు. నన్నడిగితే వంటిల్లే ఎక్కువ బాధ పెడుతుంది. పొద్దున్నే ఇడ్లీలు, చట్నీ, మూడు క్యారేజీలు, అన్నీ ఆ గట్టి గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్లతో నిలబడే. ఆ తర్వాత స్కూల్లో పీరియడ్ మీద పీరియడ్ నిలబడే ఉండాలి. బయటికి మంచి బూట్లు కొనుక్కుంటాం, ఇంట్లో మాత్రం పాదానికి ఏ ఆసరా ఉండదు. అందుకే మడమ దగ్గర మందంగా, అరికాలి వంపు కింద ఎత్తుగా ఉన్న చెప్పులు ఇంటి వరకే అని ఒక జత కొన్నాను.

"వంటింట్లో చెప్పులేంటమ్మాయ్, పక్కనే దేవుడి గూడు" అన్నారు అత్తయ్య.

"ఇవి గడప దాటవు అత్తయ్యా. దీపం పెట్టేటప్పుడు విప్పేస్తాను."

ఆవిడ చెప్పుని చేతిలోకి తీసుకుని అట్ట నొక్కి చూశారు. "మెత్తగానే ఉంది, నాక్కూడా ఓ జత తెప్పించు" అన్నారు. నాకు ఎంత సంతోషమేసిందో!

సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌ని అరికాలి కింద దొర్లించాను. తర్వాత మేడమెట్టు అంచున, చుట్టిన తువ్వాలు మీద వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద మడమ ఎత్తడం. పైకి 3 సెకన్లు, పైన 2, కిందికి 3. రోజు విడిచి రోజు చేస్తే చాలు. సాగదీయడంతో ఉపశమనం వస్తుంది గానీ, బరువు మోసే బలం దీనితోనే వస్తుందని నా నమ్మకం.

రాత్రి వదిన ఫోన్ చేసింది. సెలవుల్లో తిరుమల, అలిపిరి మెట్లదారిన. 3,550 మెట్లు, అదీ చెప్పుల్లేకుండా.

"ఈసారి మీరు నడవండి వదినా, నేను పిల్లలతో బస్సులో వస్తాను. నా మొక్కు వచ్చే ఏడాది తీర్చుకుంటాను" అన్నాను.

సరేనని, రైలు టికెట్లు రేపు చూస్తానంది.