పులుపు తగ్గించని బండి

పరాయి దేశంలో తిండి బండి పెట్టదలచినవారు వంటకాల పట్టిక రాసుకోవడానికి ముందే, అందులో ఏది వదులుకోగలరో, ఏది ఎవరు చెప్పినా వదులుకోరో తేల్చుకోవాలి. దుబాయిలో ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక మహిళా షెఫ్ నడిపే చిన్న స్టాల్‌లో పనిచేసిన కాలంలో నాకు ఈ సంగతి బోధపడింది. నేను మహబూబ్‌నగర్‌కు తిరిగి వచ్చాక దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, దుబాయిల మన బోటి, తలకాయ పెట్టి బండి నడిపితే నడుస్తదా?" అని అడిగాడు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆమెను అందరూ 'ఆతే' అనేవారు. వాళ్ల భాషలో అక్క అని అర్థం. నేనూ అలాగే పిలిచేవాణ్ని, ఆమె నన్ను పేరు పెట్టి పిలిచేవారు. మనీలా వీధుల్లో సాయంత్రం పూట దొరికే చిరుతిళ్లే ఆ స్టాల్ సరుకు: చేప ఉండలు, కౌజు పిట్ట గుడ్లను ఉడకబెట్టి, పిండిలో ముంచి వేయించే క్వెక్‌క్వెక్, పంచదారతో కరకరలాడే అరటిపండు తురోన్, వీటన్నిటికీ మించి ఇసావ్. క్వెక్‌క్వెక్ పిండికి నారింజ రంగు జాఫ్రా గింజల నుంచి వస్తుంది. హడావిడి రోజుల్లో డబ్బా రంగు వాడేవారూ ఉన్నారు కానీ, ఆతే దాన్ని స్టాల్‌లోకి రానిచ్చేవారు కాదు.

ఇసావ్ అంటే పేగులు. మన దగ్గర బోటి కడిగిన వాళ్లెవరికైనా ఆ పని ఎంత ఓపికతో చేయవలసినదో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే కోడి పేగు మేక పేగుకంటే చాలా సన్నం. దాన్ని నిలువునా చీల్చి లేదా పుల్లతో లోపలిభాగం బయటికి తిప్పి, రాళ్ల ఉప్పుతో పిసికి, వెనిగర్ నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. తరువాత మిరియాలు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, మరికాస్త వెనిగర్ వేసి మెత్తబడేదాకా ఉడికించి, చల్లారాక వెదురు పుల్లకు అలలు అలలుగా మడిచి గుచ్చాలి. కాల్చేటప్పుడు సోయా సాస్, నూనె, అరటిపండు కెచప్ కలిపిన పూతను కుంచెతో రాస్తూ ఉంటే అంచులు నల్లబడి, లోపల మెత్తగా ఉంటుంది. కాల్చడం నిమిషాల పని, పొద్దంతా పోయేది కడగడంలోనే. కొత్తగా పనిలో చేరినవాళ్లను ఆతే ముందు పొయ్యి దగ్గరికి పోనిచ్చేవారు కాదు, సింకు దగ్గరే నిలబెట్టేవారు.

అరటిపండు కెచప్ విని నవ్వేవాళ్లుంటారు. ఫిలిప్పీన్స్‌లో టమాటా కంటే అరటి ఎక్కువగా పండుతుంది కనుక మరియా ఒరోసా అనే ఆహార శాస్త్రవేత్త ఆ కెచప్‌ను రూపొందించారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1945 ఫిబ్రవరిలో మనీలా కోసం జరిగిన పోరులో ఆమె మరణించారు. వీధి బండి రుచి వెనక ఇంత చరిత్ర ఉంటుందని నేను అనుకోలేదు.

ఇక వదులుకున్నవాటి సంగతి. మనీలాలో ఇసావ్ పంది పేగులతోనూ చేస్తారు, హలాల్ స్టాల్‌లో ఆ మాటే లేదు. గడ్డకట్టిన రక్తాన్ని ముక్కలు కోసి కాల్చే బెటామాక్స్ అనే వంటకం ఉంది. బెటామాక్స్ రకం పాత వీడియో క్యాసెట్‌లా నల్లగా, నలుచదరంగా ఉంటుందని ఆ పేరు వచ్చింది. ఇస్లాంలో రక్తం నిషిద్ధం కాబట్టి అదీ పోయింది. మా స్టాల్‌కు బొగ్గుల పొయ్యి అనుమతి రాలేదు కనుక గ్యాస్ గ్రిల్‌తో సరిపెట్టుకున్నాము. అక్కడి వీధుల్లో అందరూ ఒకే సీసాలో పుల్ల ముంచుకుని తింటారు, మేము ఎవరి గిన్నె వారికి పోసి ఇచ్చేవాళ్లం. ఇన్ని వదులుకున్నా ఆమె మొహంలో బాధ కనిపించేది కాదు.

కానీ వెనిగర్ దగ్గరికి వచ్చేసరికి ఆమె మరో మనిషి. ఎర్ర ఉల్లిపాయ, వెల్లుల్లి, చిన్న ఘాటు మిరపకాయలు, మిరియాలు, ఉప్పు వేసిన ఆ వెనిగర్ నోట్లో పడగానే కళ్లు మూతలు పడేవి. ఫిలిప్పీన్స్ కాని గిరాకీలు కాస్త తియ్యగా, కాస్త పలచగా చేయమని అడిగేవారు. స్టాల్ యజమాని కూడా ఒకసారి అదే మాట అన్నాడు. ఆతే వాళ్ల కోసం చేప ఉండల తీపి సాస్ పక్కన పెట్టారే తప్ప వెనిగర్‌ను ముట్టుకోలేదు. జీతాలు పడిన వారాంతాల్లో వరుస కట్టే నర్సులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, దుకాణాల కుర్రవాళ్లు ఆ పులుపు కోసమే వస్తున్నారని ఆమెకు తెలుసు.

ఆ వెనిగర్ కల్లు నుంచి వస్తుందని తెలిశాక నాకు ఆమె పట్టుదల ఇంకా బాగా అర్థమైంది. ఫిలిప్పీన్స్‌లో చెరుకు వెనిగర్ ఉన్నా, కొబ్బరి కల్లు పులిసి తయారయ్యేది, చిత్తడి నేలల్లో పెరిగే నీపా చెట్టు కల్లుతో చేసేది పాతకాలం నుంచి వస్తున్న రకాలు. పాలమూరులో పొద్దున దించిన ఈత కల్లు సాయంత్రానికి ఎలా పులుస్తుందో చూసినవాళ్లకు ఆ ప్రక్రియ కొత్త కాదు. అదే కల్లును గాలి తగిలేలా ఇంకా వదిలేస్తే, అందులోని మత్తును సూక్ష్మజీవులు వెనిగర్‌గా మార్చేస్తాయి. మనం పారబోసే దశలో వాళ్లు సీసాలకెత్తుతారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. గల్ఫ్‌లో మనవాళ్ల హోటళ్లు నేను చూసినంతవరకు బిర్యానీ బోర్డే పెట్టుకుంటాయి, జొన్న రొట్టె, బోటి పెట్టడానికి సిగ్గుపడతాయి. ఆ సిగ్గు నాకు నచ్చదు. కనుక బండి నడుస్తుందనే నా అభిప్రాయం. అయితే నల్ల ఫ్రై, అంటే మేక రక్తం వేపుడు, మరచిపోవాలి, బెటామాక్స్‌కు చెప్పిన కారణమే దీనికీ వర్తిస్తుంది. అంతకంటే ముఖ్యం, మసాలాలో గసగసాలు. ఎమిరేట్స్‌లో అవి నిషిద్ధం, ఊరి నుంచి వచ్చే సంచిలో ఒక్క పొట్లం దొరికినా జైలు పాలు కావలసి రావచ్చు. వాటి స్థానంలో ఎండుకొబ్బరి, వేయించిన నువ్వులు నూరితే చిక్కదనం వస్తుంది. చింతచిగురు బోటిలో చింతచిగురును మాత్రం నిమ్మరసంతో సరిపెట్టవద్దు. మన దగ్గర చిగురు వచ్చే కాలంలో ఎండబెట్టి పంపించే మనిషిని ముందే చూసుకోవాలి. వంట చేసేవాళ్లకు ఆరోగ్య కార్డు, ఆహార భద్రత శిక్షణ తీసుకున్న బాధ్యుడు, లైసెన్సు ఇవన్నీ తప్పనిసరి. వీటికి తిరగడం మొదలుపెట్టే ముందే కసాయి దుకాణంలో రోజూ ఎంత బోటి ఇవ్వగలరో మాట్లాడుకుని, కడగడానికి ఇద్దరిని వేరుగా కుదుర్చుకోమని అతనికి చెప్పాను.