నల్లమందులో సీసం

2016లో ఇరాన్‌లో నల్లమందు అలవాటున్నవాళ్ళు చాలామంది ఆగని కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనతతో ఆస్పత్రుల్లో చేరారు, నల్లమందు దొరక్క వచ్చే బాధలే అనుకోవడం ఎంత తేలికో చూడండి, తీరా బ్లడ్ టెస్ట్ చేస్తే రక్తంలో సీసం, నల్లమందులో కలిసి ఒంట్లోకి వెళ్ళిందే! కొందరికి చిగుళ్ళ అంచున నీలిగీత కూడా.

దీనికి ట్రీట్‌మెంట్ కీలేషన్. కాల్షియం ఈడీటీఏ సెలైన్‌లో ఎక్కిస్తారు, లేదా సక్సిమర్ క్యాప్సూల్స్ ఇస్తారు, ఆ మందు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి తీసుకుపోతుంది. ఎముకల్లో చేరింది మాత్రం మెల్లగా మళ్ళీ రక్తంలోకి దిగుతుంది, అందుకే లెవెల్ తగ్గింది కదా అని టెస్టులు ఆపకూడదు. పొరపాటున కాల్షియం లేని డైసోడియం ఈడీటీఏ ఎక్కిస్తే ఒంట్లో కాల్షియం పడిపోయి ప్రాణమే పోవచ్చు, నాకు అన్నిటికన్నా భయమేసింది ఇదే. ఇక డిశ్చార్జ్ అయ్యాక మళ్ళీ అదే సరుకు తీసుకుంటే మొత్తం మొదటికొస్తుంది, కాబట్టి వ్యసనానికి వైద్యం కూడా అక్కడే, అప్పుడే మొదలవ్వాలి.